నిండని డిగ్రీ కాలేజీ: దశలవారీగా మూసుడా, ఇట్లనే ఈడ్సుడా?

(ప్రైవేటు డిగ్రీ కాలేజీల స్టాఫ్ ముచ్చట; పేర్లకు బదులు ఊరు, సబ్జెక్టు, పని)

నల్లగొండ కెమిస్ట్రీ:
మహాత్మాగాంధీ, పాలమూరు యూనివర్సిటీల కింద చాలా ప్రైవేటు డిగ్రీ కాలేజీల్ల సెక్షన్లు నిండుతలేవు. అడిగితే "సర్కారు నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలే, జీతం ఆగుతది" అంటున్నరు. బకాయిలొస్తే ఇవి నిలబడతయా? మూసుడే నయమా?

పాలమూరు అకౌంట్స్:
నిలబడతయి. ఫీజు కట్టాల్సింది సర్కారు. ఈపాస్‌ల (సర్కారు స్కాలర్‌షిప్, ఫీజుల వెబ్‌సైట్) మంజూరైనా ఖాతాల పడేదాక నమ్మకం లేదు. జీతాలు, కరెంటు బిల్లు, బిల్డింగ్ కిరాయి మాత్రం నెలనెలా కట్టాలె. అప్పు తెచ్చి కడితే ఆ వడ్డీ ఎవరిస్తరు? 2025 నవంబర్‌ల రాష్ట్రమంతా ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టింది ఈ బకాయిల కోసమే.

కోదాడ మ్యాథ్స్:
ఒప్పుకోను. చేరిన పిల్లల మీదనే బకాయి, చేరని సీటు మీద ఏం వస్తది? 60 సీట్ల బీఎస్సీ ఎంపీసీల 14 మందే ఉన్నరనుకోండి. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు తలా ఒకరు, లాంగ్వేజీలకు ఇద్దరు, ల్యాబ్ అటెండర్ ఒకరు. 14 మందైనా 60 మందైనా జీతాల బిల్లు అదే. 75 శాతం హాజరు లేకుంటే రీయింబర్స్‌మెంట్ లేదు కాబట్టి, పేరు రాయించుకొని హైదరాబాద్‌ల పనికి పోయినోళ్ల ఫీజు కూడా లెక్కల నుంచి తీసేయాలె.

ఇంకోటి. 2016ల దోస్త్ (డిగ్రీ అడ్మిషన్ల ఆన్‌లైన్ పద్ధతి) వచ్చినంక ఒక్క దరఖాస్తుతో రాష్ట్రంల దాంట్ల ఉన్న ఏ కాలేజీకైనా ఆప్షన్ పెట్టుకోవచ్చు. కాలేజీ పీఆర్వోలు పిల్లల ఇంటర్ మెమోలు జమచేసి సీట్లు నింపే రోజులు పోయినయి. అదే ఏడు ఆడపిల్లలకు గురుకుల డిగ్రీ కాలేజీలు వచ్చినయి, హాస్టల్‌తో సహా. ఎంపీసీ పిల్లలేమో ఇంజినీరింగ్‌ల సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) దిక్కు పోతున్నరు. బకాయి మొత్తం రేపే ఇచ్చినా వీళ్లు వాపసు రారు.

పాలమూరు అకౌంట్స్:
తాళమేస్తే బస్సు సరిగ్గ లేని ఊర్ల ఆడపిల్లల సంగతేంది?

కోదాడ మ్యాథ్స్:
తాళమెవరు వేయమన్నరు? యూనివర్సిటీకి రాసి ఫస్టియర్ అడ్మిషన్లు ఆపాలె, ఉన్న రెండు బ్యాచ్‌లు బయటపడేదాక నడపాలె. అది చేయకుండ దోస్త్ జాబితాల పేరుంచుకొని, ఎండాకాలం లెక్చరర్లకు "తలా పది అడ్మిషన్లు" అని టార్గెట్ పెట్టి, జీతాన్ని దానికి ముడేస్తున్నరు. అసలు దగా అది.

సర్వీస్ రూల్స్:
మూసినా నడిపినా స్టాఫ్ ఇప్పుడే చూసుకోవాల్సినవి చెప్త. 20 మంది, అంతకంటె ఎక్కువున్న సంస్థకు పీఎఫ్ తప్పనిసరి. మీ పీఎఫ్ పాస్‌బుక్ ఆన్‌లైన్ల తెరిచి ఆఖరి జమ ఏ నెలదో చూడండి. జీతంల కోసి జమ చేయకుంటే అది నేరం, ఈపీఎఫ్‌వో (పీఎఫ్ ఆఫీసు) గ్రీవెన్స్ పోర్టల్‌ల ఫిర్యాదు పెట్టొచ్చు.

గ్రాట్యుటీ (ఉద్యోగం ఇడిసినప్పుడు సర్వీసును బట్టి వచ్చే సొమ్ము) టీచర్లకు లేదనే మాట నమ్మొద్దు. గ్రాట్యుటీ చట్టానికి 2009ల చేసిన సవరణ 1997 ఏప్రిల్ 3 నుంచి టీచర్లకూ వర్తిస్తది, 2022ల సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆఖరి జీతం 13,000 అయితే 15తో గుణించి 26తో భాగిస్తే ఏడాది సర్వీసుకు 7,500. ఎనిమిదేండ్లకు 60,000. ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్టు కానోళ్లకు ఐదేండ్ల ఎడతెగని సర్వీసు ఉండాలె. ఏప్రిల్ ఆఖర్ల రిలీవ్ చేసి జూన్‌ల కొత్త ఆర్డర్ ఇచ్చుడు వేసవి జీతం మిగుల్చుకునేందుకే కాదు, ఈ సర్వీసు తెంపేందుకు కూడా. ఆ రిలీవింగ్ కాయితం మీద సంతకం పెట్టేముందు ఆలోచించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీల ఉంటే ఇయ్యాలనే రాసి అడగండి, నకలు మీద ఆఫీస్ ముద్ర వేయించుకోండి.

నల్లగొండ కెమిస్ట్రీ:
అపాయింట్‌మెంట్ ఆర్డరే లేనోళ్లు? సగం జీతం చేతికే ఇస్తరు.

సర్వీస్ రూల్స్:
బ్యాంకుల పడ్డ సగానికి బ్యాంకు స్టేట్‌మెంటే రుజువు. యూనివర్సిటీ ఇచ్చిన స్పాట్ వాల్యుయేషన్ (పేపర్లు దిద్దుడు), ఇన్విజిలేషన్ (పరీక్ష హాల్ డ్యూటీ) ఆర్డర్లల్ల మీ పేరు, కాలేజీ పేరు రెండూ ఉంటయి, అవి ఏడువారీగా జమ చేసుకోండి. హాజరు రిజిస్టర్ పేజీలు ఫోన్ల తీసిపెట్టుకోండి. చేతికిచ్చిన సగం రుజువు చేసుడు కష్టం, గ్రాట్యుటీ లెక్కల అది పోయినట్టే అనుకోండి.