టీఎస్‌హెచ్ నార్మల్, ఫ్రీ టీ4 తక్కువ. ఇదెలా సాధ్యం?

ప్రశ్న

మా అక్కకి 31 ఏళ్లు. మూడేళ్ల క్రితం కాన్పులో రక్తం విపరీతంగా పోయింది, నాలుగు బాటిళ్లు ఎక్కించాక గానీ తేరుకోలేదు. అప్పటి నుంచి మనిషి మనిషిలా లేదు. మే నెలలో కూడా దుప్పటి కప్పుకుని పడుకుంటుంది, మాట కూడా నెమ్మదించింది. చూపించిన ప్రతిచోటా టీఎస్‌హెచ్ ఒక్కటే రాశారు, అది నార్మల్ వచ్చేది, థైరాయిడ్ లేదమ్మా, రక్తం తక్కువ అని ఐరన్ మాత్రలిచ్చి పంపేవారు. ఈసారి నేనే పట్టుబట్టి ఫ్రీ టీ4 (రక్తంలో థైరాయిడ్ హార్మోను ఎంతుందో చూసే పరీక్ష) కూడా చేయించా. టీఎస్‌హెచ్ 2.8, ఫ్రీ టీ4 0.5 (0.8 నుంచి 1.8 ఉండాలని రిపోర్టులోనే ఉంది). టీ4 తగ్గితే టీఎస్‌హెచ్ పెరగాలి కదా? వాళ్ల అత్తగారి థైరాయిడ్ మాత్రలు ఇంట్లో ఉన్నాయి, రోజుకొకటి వేసుకోమంటున్నారు. వేసుకోవచ్చా?

జవాబు

టీఎస్‌హెచ్ బాగుంటే కంగారు పడకండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారేమో కనుక్కోండి, వాటివల్ల రిపోర్టు తప్పుగా వస్తుంది.

జవాబు

పైన చెప్పినది ఇక్కడ కుదరదండి. బయోటిన్ తేడా చేసే పరీక్షల్లో మామూలుగా టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా కనిపిస్తుంది. మీ అక్కకి టీ4 తక్కువ.

నేను ఎండోక్రైన్ వార్డులో కొన్నేళ్లు పనిచేశాను, ఇలాంటి రిపోర్టు చూస్తే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ముందు ఒక్క మాట: ఆ మాత్ర ఇప్పుడే వేయకండి. ఎందుకో కింద చెప్తాను.

టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసేది కాదు, మెదడు కింద బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కి పంపే ఆర్డరు. ఆ పిట్యూటరీకి పైనున్న హైపోథలమస్ నుంచి టీఆర్‌హెచ్ అనే చిన్న హార్మోను వస్తుంది, అదీ ఒళ్లంతా తిరిగి కాదు, ఆ రెంటినీ కలిపే కాడలోని సన్నని రక్తనాళాల్లోంచి నేరుగా. మూడే మూడు అమైనో ఆమ్లాలు. దాన్ని పట్టుకోవడానికి శాస్త్రవేత్తలు గిలెమిన్ బృందం గొర్రెల మెదళ్లు, షాలీ బృందం పందుల మెదళ్లు లక్షల్లో పోగుచేసి వడకట్టి, 1969లో రూపం తేల్చారు, 1977లో నోబెల్ వచ్చింది. రక్తంలో థైరాయిడ్ హార్మోను పెరిగితే పైన రెండూ తగ్గుతాయి, తగ్గితే రెండూ పెరుగుతాయి. అదీ కొంచెంగా కాదు, టీ4 సగానికి పడితే టీఎస్‌హెచ్ ఎన్నో రెట్లు ఎగబాకాలి.

అపార్ట్‌మెంట్‌లో మేడ మీద ట్యాంకు ఖాళీ అయింది, మోటారు తిరగట్లేదు, అయితే మోటారే పాడైందంటామా? స్విచ్ వేయాల్సిన వాచ్‌మన్ వేశాడో లేదో కూడా చూడాలి కదా. టీ4 0.5 ఉన్నప్పుడు 2.8 టీఎస్‌హెచ్ నార్మల్ కాదు, వాచ్‌మన్ లేవలేదని అర్థం. పైగా ఇలాంటప్పుడు రక్తంలో కనిపించే టీఎస్‌హెచ్‌కి పనిచేసే బలం కూడా తగ్గి ఉండొచ్చు.

కాన్పుకీ దీనికీ సంబంధం ఏమిటంటే, గర్భంలో పిట్యూటరీ పెద్దదవుతుంది, రక్తం ఎక్కువ కావాలి. సరిగ్గా ఆ సమయంలో రక్తం పోయి బీపీ పడిపోతే గ్రంథిలో కొంత భాగం చచ్చిపోతుంది. దీన్ని 1937లో వివరించిన షీహన్ పేరు మీదే షీహన్ సిండ్రోమ్ అంటారు, మన దేశంలో ఇప్పటికీ కనిపిస్తుంది. మీ అక్క విషయంలో ఖాయంగా ఇదేనని నేను అనట్లేదు, కానీ అడగండి: బిడ్డ పుట్టాక పాలు పడ్డాయా? నెలసరి తిరిగి వచ్చిందా?

మాత్ర ఎందుకు వద్దన్నానంటే, పిట్యూటరీ దెబ్బతింటే కార్టిసాల్‌కి (ఒత్తిడిలో ఒంటిని నిలబెట్టే హార్మోను) ఆర్డరు వెళ్లే దారి కూడా మూసుకుపోయి ఉండొచ్చు. కార్టిసాల్ లేని ఒంట్లో థైరాక్సిన్ (ఆ మాత్రలో ఉండే టీ4) వేస్తే ఉన్న కాస్తా వేగంగా ఖర్చయిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పొద్దున 8 గంటలకి కార్టిసాల్ పరీక్ష చేయించండి, తక్కువుంటే ముందు దానికి మందు, ఆ తర్వాతే థైరాక్సిన్. వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం ఉంటే పరీక్ష కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఎండోక్రినాలజిస్టుకే చూపించండి, తలకి ఎమ్మారై రాయొచ్చు.

జవాబు

మా పిన్నికి ఇదే జరిగింది, తెలియడానికి పదేళ్లు పట్టింది. ఒకటి గుర్తుపెట్టుకోండి, మందు మొదలయ్యాక కూడా టీఎస్‌హెచ్ చూసి డోసు తగ్గించే వాళ్లుంటారు. ఈ జబ్బులో డోసు ఫ్రీ టీ4 చూసే సరిచేయాలి. మాకు ఆ పొరపాటు జరిగి పిన్ని మళ్లీ మంచం పట్టింది.

ప్రశ్న అడిగినవారు

ఇప్పుడే అక్కతో మాట్లాడాను. పాలు ఒక్క చుక్క పడలేదు, బాబుని డబ్బా పాలతోనే పెంచింది. నెలసరి రాలేదు, బాలింతలకి మామూలే అనుకుని ఊరుకుందట. చంకల్లో వెంట్రుకలు కూడా రాలిపోయాయని చాలాసేపటికి చెప్పింది, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, తనూ చెప్పుకోలేదు. మాత్రలు నా బ్యాగులో పెట్టేసుకున్నాను. రేపు 8 లోపు ల్యాబ్‌లో ఉంటాం.