స్పానిష్‌లోనే చదవడం రానివాళ్లకి ఇంగ్లీష్ ఎలా మొదలుపెట్టాలి?

డాలస్ దగ్గర లైబ్రరీలో మెక్సికో, గ్వాటెమాలా వాళ్లకి ఇంగ్లీష్ చెప్తున్నాను. బడికెళ్లినవాళ్లతో పెద్ద ఇబ్బంది లేదు, స్పానిష్‌లో అచ్చులు ఐదే కాబట్టి 'షిప్', 'షీప్' వాళ్లకి ఒకేలా వినిపిస్తాయి, అంతే. టెన్షనంతా ఒకావిడ గురించే. ఇంట్లో మామ్ అనే మాయా ఆదివాసుల భాష, స్పానిష్ మాట్లాడుతుంది కానీ చదవడం రాదు, బోర్డు మీది మాటని కింద నుంచి పైకి గీతలు కలుపుతూ ముగ్గు వేసినట్టు దించుకుంటుంది. ముందు మ, మె, మి, మొ, ము అంటూ స్పానిష్ చదవడం నేర్పాలా, లేక నేరుగా ఇంగ్లీషేనా? క్యూబావాళ్ల 'యో సీ ప్వేదో' పద్ధతిలో అక్షరాలకి అంకెలు జతచేసి నేర్పుతారు, అది ఎవరైనా వాడి చూశారా? పెద్దవాళ్లకి స్పానిష్‌లో చదువు చెప్పే మెక్సికో వాళ్ల ప్లాసా కొమునితారియా క్లాసుల్లో గ్వాటెమాలా వాళ్లని చేర్చుకుంటారా? పుస్తకాల పేర్లకన్నా, మీరు మొదటి నెలంతా ఏం చేయించారో చెప్తే చాలు. పాపం, డ్యూటీ దిగి నేరుగా వస్తుంది.