2018 బాలన్ డి ఓర్ మోడ్రిచ్‌కి ఇవ్వడం కరెక్టేనా?

నడిమైదానం: నిన్న ఫ్రెండ్స్ గ్రూపులో మళ్లీ అదే గొడవ, అప్పటి రియల్ మాడ్రిడ్, క్రొయేషియా మిడ్‌ఫీల్డర్ మోడ్రిచ్‌కి ఆ ఏటి ఉత్తమ ఫుట్‌బాలర్ అవార్డు బాలన్ డి ఓర్ ఊరికే ఇచ్చేశారు, ఆ సీజన్ స్పెయిన్ లీగ్ లా లిగాలో కొట్టింది ఒక్కటే గోలు కదా అని. ఒళ్లు మండింది నాకు. మిడ్‌ఫీల్డర్‌ని గోల్స్‌తో కొలవడమేంటండీ? 2012లో టాటెన్‌హామ్ నుంచి మాడ్రిడ్‌కి వచ్చిన కొత్తలోనూ ఇలాగే కొలిచారు, స్పెయిన్ స్పోర్ట్స్ పేపర్ మార్కా పోల్‌లో ఆ సీజన్ చెత్త సైనింగ్ అని ఓట్లేశారు, అదే మనిషి అక్కడ ఆరు ఛాంపియన్స్ లీగ్‌లు (యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ) గెలిచాడు.

సెవెన్‌ఫ్యాన్: అన్నా, గొప్ప ప్లేయరే, కాదనట్లేదు. కానీ ఆ ఏడాది ఛాంపియన్స్ లీగ్‌లో రొనాల్డోవి 15 గోల్స్. పీఎస్‌జీని, యువెంటస్‌ని ఇంటికి పంపింది ఎవరు? వరల్డ్ కప్‌లో స్పెయిన్ మీద హ్యాట్రిక్ కూడా ఉంది. ఇంతకంటే ఏం చెయ్యాలి?

నడిమైదానం: @సెవెన్‌ఫ్యాన్ తమ్ముడూ, బయర్న్‌తో రెండు సెమీస్‌లోనూ, లివర్‌పూల్‌తో ఫైనల్లోనూ రొనాల్డో గోల్ లేదు, పోర్చుగల్ ఉరుగ్వే చేతిలో ప్రీక్వార్టర్స్‌లోనే పోయింది. క్రొయేషియా జనాభా దాదాపు నలభై లక్షలే, ఆ దేశాన్ని ఫైనల్ దాకా లాక్కెళ్లాడు. డెన్మార్క్ మ్యాచ్ లైవ్‌లో చూశారా? మనకి రాత్రి రెండు దాటింది. 116వ నిమిషంలో పెనాల్టీ, మోడ్రిచ్ కొట్టాడు, డెన్మార్క్ గోల్‌కీపర్ ష్మైకేల్ పట్టేశాడు. గెలిచే మ్యాచ్ చేజారిపోయింది అనుకున్నా. కాసేపటికి షూటవుట్, మళ్లీ అదే గోల్‌కీపర్ ముందుకి అదే మనిషి నడుచుకుంటూ వచ్చి మధ్యలోకి కొట్టాడు, ఈసారి లోపలికెళ్లింది. ఆ నడక నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఆ తర్వాత రష్యాతో, ఇంగ్లండ్‌తో కూడా ఎక్స్‌ట్రా టైమే, 32 ఏళ్ల వయసులో.

బీచ్‌రోడ్_11: నా బాధ వేరు. 2010 బాలన్ డి ఓర్‌లో స్పెయిన్‌కి వరల్డ్ కప్ గెలిపించిన ఇనియెస్టా రెండో స్థానం, జావి మూడో స్థానం, ఇటలీ క్లబ్ ఇంటర్‌తో మూడు కప్పులు గెలిచిన స్నైడర్‌ అయితే నాలుగు. అప్పుడు చేసిన అన్యాయాన్ని 2018లో మోడ్రిచ్‌తో సరిదిద్దుకున్నారని నా అనుమానం. వాళ్లకి రావాల్సింది ఇతనికి వచ్చింది.

కార్నర్‌ఫ్లాగ్: @బీచ్‌రోడ్_11 సరిదిద్దడానికైతే ఓటింగ్‌లో 753 పాయింట్లు రావు బ్రో, రెండో ప్లేస్ రొనాల్డోకి 476, అంత తేడా ఉంది. ఇంకోటి, మోడ్రిచ్ చిన్నప్పుడు 1991లో అతని తాతని యుద్ధంలో చంపేశారు, ఆ తాత పేరే ఇతనికి పెట్టారు, కుటుంబం జదర్‌లో శరణార్థులుగా హోటల్లో ఉంటే ఆ పార్కింగ్‌లో బంతి ఆడుకున్నాడు. అక్కడి క్లబ్ హయ్‌దుక్ స్ప్లిట్ వాళ్లు పిల్లాడు మరీ బక్కగా ఉన్నాడని వద్దన్నారు. అక్కడి నుంచి ఇక్కడిదాకా వచ్చాడు.

సెవెన్‌ఫ్యాన్: కథ వింటే నాకూ కళ్లు చెమర్చాయి, కానీ అవార్డు ఆ ఏడాది ఆటకి, జీవితానికి కాదు కదా. సరే రొనాల్డోని పక్కన పెడదాం. డిఫెండర్ వరాన్ అదే మాడ్రిడ్‌తో ఛాంపియన్స్ లీగ్, ఫ్రాన్స్‌తో వరల్డ్ కప్, రెండూ గెలిచాడు, అతనికి ఏడో స్థానం. దీనికేమంటారు?

నడిమైదానం: వరాన్ విషయం నిజమే, ఏడో స్థానం అన్యాయం, డిఫెండర్లని ఎప్పుడూ చిన్నచూపే, 2006లో కన్నవారో తర్వాత ఒక్కరికీ రాలేదు. కానీ మ్యాచ్ కష్టంలో పడ్డప్పుడల్లా రెండు జట్లలోనూ బంతి వెతుక్కుంటూ వెళ్లింది మోడ్రిచ్ కాళ్ల దగ్గరికే, నా ఓటు మారదు.