సీఆర్పీ ఉద్యోగం వదిలేయాలా? ప్రైవేట్ స్కూల్లో 25,000 ఇస్తామంటున్నారు

అడిగినది: కాంప్లెక్స్ బాటసారి
తెలంగాణలో సమగ్ర శిక్ష (ప్రభుత్వ బడుల పథకం) కింద సీఆర్పీగా, అంటే క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌గా కాంట్రాక్టు మీద చేస్తున్నా, పదేళ్లు దాటింది. చేతికొచ్చేది 20,000 లోపే, అదీ బడ్జెట్ రిలీజైతేనే. మా కాంప్లెక్స్‌లో (చుట్టుపక్కల బళ్ల గుంపు) బళ్లన్నీ తిరగాలి, పెట్రోలు జేబులోంచే. మధ్యాహ్న భోజనం, యూడైస్ (బళ్ల వివరాల ఆన్‌లైన్ నమోదు), బడి బయటి పిల్లల సర్వే, పుస్తకాలు, యూనిఫాంల లెక్క, ఇప్పుడు పిల్లలకి అపార్ ఐడీలు (విద్యార్థి గుర్తింపు నంబర్లు), అన్నీ మా నెత్తినే. ఏకోపాధ్యాయ బడిలో సార్ సెలవు పెడితే పొద్దున్నే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు నుంచి ఫోన్, నువ్వెళ్లి కూర్చో అని. ఒకటి నుంచి ఐదు దాకా ఒకే గదిలో నేనే చూసుకుంటా, నెలాఖరుకి విజిట్లు తగ్గాయేంటని సంజాయిషీ కూడా నేనే రాయాలి. 2023లో హనుమకొండలో రేవంత్ రెడ్డి రెగ్యులర్ చేస్తామని మాట ఇచ్చారు, 2024 డిసెంబర్‌లో సమ్మె చేశాం, రెగ్యులర్ మాత్రం కాలేదు. ఇంట్లో మానెయ్యమంటున్నారు. ఏం చేయమంటారు?

గోదారి సీఆర్ఎంటీ
అన్నా, మా ఏపీలో ఏకంగా పేరే మార్చేశారు, క్లస్టర్ రిసోర్స్ మొబైల్ టీచర్ అని. పేరులో టీచర్ వచ్చింది గానీ జీతంలో రాలేదు. మేమూ 2023 డిసెంబర్‌లో సమ్మెకి దిగినవాళ్లమే. నాకైతే డబ్బు కంటే ఇంకోటి ఎక్కువ బాధ. మనకంటే మూడు నాలుగు రెట్లు తీసుకునే హెచ్‌ఎం గారి రిజిస్టర్ మనం చూసి "లోపాలు" రాయాలి, ఆయన నవ్వుతూ టీ తెప్పిస్తాడు, మనం రాసింది ఎవరూ చదవరు.

పీఎఫ్ పిచ్చోడు
మానేసినా సరే, పీఎఫ్ మాత్రం తీసెయ్యకు తమ్ముడూ. ముందు పాస్‌బుక్‌లో ప్రతి నెలా జమ పడిందో లేదో చూసుకో, జీతం లేటైన నెలల్లో ఖాళీలు ఉంటాయి. పెన్షన్ స్కీములో పదేళ్ల సర్వీసు పూర్తయితే 58 ఏళ్లకి నెలనెలా పెన్షన్ వస్తుంది, చిన్నదే అనుకో. కొత్త చోట అదే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) ఇచ్చి ట్రాన్స్‌ఫర్ పెట్టుకో.

కోర్టు మెట్లు
పంజాబ్ ప్రభుత్వానికీ జగ్‌జీత్ సింగ్‌కీ మధ్య కేసులో సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే తాత్కాలిక ఉద్యోగి చేస్తే ఆ స్కేల్‌లో కనీస జీతం ఇవ్వాలని. మీకు చిక్కెక్కడంటే, పోల్చి చూపించడానికి రెగ్యులర్ సీఆర్పీ అంటూ ఎవడూ లేడు. అందుకే టీచర్ బదులు కూర్చోబెట్టిన రోజులకి ఆధారాలు దాచుకోండి, ఆ వాట్సాప్ మెసేజ్, బడి రిజిస్టర్‌లో మీ సంతకం ఫొటో. 2024 డిసెంబర్‌లో జగ్గో కేసులో అదే కోర్టు ఏళ్ల తరబడి చేసిన స్వీపర్లని, తోటమాలిని రెగ్యులర్ చేయమంది. అది చూసి రేపే మనకీ అవుతుందని ఆశ పెట్టుకోవద్దు, కానీ రాజీనామా ఇచ్చేస్తే అడిగే దారి కూడా సన్నబడుతుంది.

కాంప్లెక్స్ బాటసారి
థాంక్స్ సార్. మెసేజ్‌లు చాలావరకు డిలీట్ చేశా, ఫోన్ నిండిపోతుందని. రిజిస్టర్లు బళ్లలోనే ఉంటాయి, ఈ వారం నుంచే ఫొటోలు తీస్తా.

రెండు పడవల మేడం
ఆ ప్రైవేట్ వాళ్లని ఒక్కటి అడగండి, 25,000 పన్నెండు నెలలా, పదినెలలా? నేను అడక్కుండా చేరాను, వేసవిలో పైసా ఇవ్వలేదు. అడ్మిషన్లకి మాత్రం ఇంటింటికీ తిప్పారు. పది నెలలే అయితే మీకు ఏడాదికి మిగిలేది 10,000 పైచిలుకు, అంతే.