చేతి యాంజియో మర్నాడు మణికట్టు పల్స్ అందడం లేదు, బ్యాండులో తప్పా?

స్టాఫ్ నర్సు, కర్నూలు:
రేడియల్‌లో (మణికట్టు దగ్గర బొటనవేలి వైపు ధమని) యాంజియో చేసిన కొందరికి మర్నాడు పల్స్ తగలడం లేదు. నొప్పి లేదు, చెయ్యి వెచ్చగానే ఉంటోంది. రక్తం ఆగడానికి మణికట్టుకు కట్టే గాలి బ్యాండులో 15 మి.లీ. గాలి నింపి నాలుగు గంటలు ఉంచుతున్నాం. చుక్క రక్తం కూడా కారదు. మరి ఎక్కడ తప్పుతోంది?

క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్, అనంతపురం:
ఆ గట్టిదనమే కారణం అక్కా. రక్తం ఆగాలి గానీ ధమని మూసుకుపోకూడదు. గంటల తరబడి పూర్తిగా నొక్కితే లోపల రక్తం నిలిచి గడ్డకడుతుంది. చిటికెనవేలి వైపు ధమని అల్నార్ నుంచి అరచేతికి రక్తం అందుతుంది కాబట్టి పేషెంటుకు తెలియదు. కానీ రేపు స్టెంటుకో, డయాలిసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపే ఫిస్టులాకో ఆ ధమని పనికిరాదు.

షీత్ (క్యాథెటర్ వెళ్ళడానికి ధమనిలో పెట్టిన పొట్టి గొట్టం) 2–3 సెం.మీ. వెనక్కి లాగి బ్యాండు కట్టండి. సూది ఏటవాలుగా పోతుంది కనుక ధమనిలో రంధ్రం చర్మం మీది రంధ్రానికి కాస్త పైన ఉంటుంది. బ్యాండు మీది పచ్చ గుర్తు చర్మపు రంధ్రం నుంచి ఒకటి రెండు మి.మీ. మోచేతి వైపుకు రావాలి. గాలి నింపి షీత్ తీసేయండి. ఆపైన నిదానంగా గాలి వదలండి. రక్తం చెమర్చగానే ఆపి 1–2 మి.లీ. తిరిగి ఎక్కించండి. ఇప్పుడు బొటనవేలికి ఆక్సీమీటరు పెట్టి, చిటికెనవేలి వైపు అల్నార్‌ను నొక్కిపట్టండి. స్క్రీన్ మీద అల కనబడితే రేడియల్ పారుతున్నట్టే. గీత చదునైతే ఇంకొంచెం గాలి తీయాలి. అంకెను నమ్మొద్దు, అలనే చూడండి.

స్టెంటు వేయని ఉత్త యాంజియో అయితే 2 గంటలకే 15 నిమిషాలకోసారి 2–3 మి.లీ. చొప్పున వదలడం మొదలుపెట్టొచ్చు.

కార్డియాలజీ డాక్టర్, కడప:
బ్యాండుతో పాటు హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) కూడా చూడండి. కిలోకు 50 యూనిట్లు, మామూలుగా 5000 వరకు. వయల్ మి.లీ.కు 1000 యూనిట్లదా, 5000‌దా చదివాకే సిరంజిలోకి తీయండి. రెండూ ఒకే ట్రేలో ఉంచడం ప్రమాదం.

షీత్ మీది 6 ఫ్రెంచ్ (గొట్టాల మందం కొలత) అన్న అంకె లోపల పట్టే క్యాథెటర్‌ది, అంటే 2 మి.మీ. షీత్ బయటి కొలత 2.5 మి.మీ. దాటుతుంది. సన్న చేతుల ఆడవాళ్ళకు యాంజియో వరకైతే 5 ఫ్రెంచ్ మేలు. ఇంకొకటి: మన ఎండల్లో ఆదోని నుంచో రాయచోటి నుంచో రాత్రి నుంచి నీళ్ళు ముట్టకుండా బస్సెక్కి వస్తారు. ఒళ్ళు ఎండితే పల్స్ సన్నబడుతుంది, యాంజియోలో ఎక్కించే డై కిడ్నీకి మరింత భారమవుతుంది. డాక్టరు వద్దనకపోతే 2 గంటల ముందు వరకు మంచినీళ్ళు తాగనివ్వాలి.

స్టాఫ్ నర్సు, కర్నూలు:
పల్స్ పోయిందని అదేరోజు కనిపెడితే చేసేదేమన్నా ఉందా సార్? బ్యాండు దగ్గర బాగుండి ముంజేయి ఉబ్బితే?

కార్డియాలజీ డాక్టర్, కడప:
మొదటి కొన్ని గంటల్లోనైతే, డాక్టరుకు చెప్పి అల్నార్‌ను గంటసేపు నొక్కిపెడితే చాలాసార్లు రేడియల్ తెరుచుకుంటుంది. అందుకే బ్యాండు తీయగానే పరీక్షించాలి, మర్నాటిదాకా ఆగొద్దు.

ముంజేయి ఉబ్బితే బ్యాండు బిగించి లాభం లేదు. క్యాథెటర్‌కు దారి చూపే వైరు పైన ధమని తాలూకు ఏదో చిన్న కొమ్మను చీల్చి ఉంటుంది. వాపు మీద బీపీ కఫ్ చుట్టి, సిస్టోలిక్‌కు (బీపీలో పై అంకె) 20 తక్కువగా 15 నిమిషాలు ఉంచి, వేళ్ళ రంగు చూస్తూ ఉండండి. వాపు అంచున పెన్నుతో గీత గీయండి. వేళ్ళు చాపితే తట్టుకోలేని నొప్పి, తిమ్మిరి, బండలా గట్టిపడ్డ ముంజేయి కనిపిస్తే కఫ్ తీసి వెంటనే సర్జన్‌ను పిలవండి.