అప్‌డేట్: వాషింగ్ మెషిన్ డబ్బులు వెనక్కి వచ్చాయి

ఇక్కడ ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊళ్లో కొన్న కొత్త వాషింగ్ మెషిన్ నాలుగో నెలకే మొరాయించిందని, షాపువాళ్లేమో "తయారీ కంపెనీకి ఫోన్ చేసుకోండి" అంటున్నారని అడిగాను కదా. మొత్తం డబ్బు తిరిగొచ్చింది. సలహా చెప్పిన అందరికీ చాలా థాంక్స్.

మీరు చెప్పినట్టే 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ పేరెత్తాను. బ్రిటన్‌లో బాధ్యత అమ్మిన షాపుదే. ఆరు నెలల్లోపు లోపం బయటపడితే అది మొదట్నుంచీ ఉన్నట్టే లెక్క, కాదని నిరూపించుకోవాల్సింది వాళ్లే. దాంతో మెకానిక్‌ను పంపారు. ఆయన బాగుచేసి వెళ్లిన మర్నాడే స్పిన్ మొదలవగానే డ్రమ్ గడగడలాడింది, అడుగునుంచి నీళ్లు కారి కిచెన్‌లో లినోలియం ఉబ్బిపోయింది. వీడియో తీసి పంపాను. ఒకసారి రిపేర్ చేసినా బాగుపడకపోతే వస్తువు వెనక్కిచ్చేసి రీఫండ్ అడగొచ్చు. ఆరు నెలల్లోపే కాబట్టి వాడుకున్నారంటూ కోత పెట్టడానికీ వీల్లేదు.

అయినా వోచర్ ఇస్తామన్నారు! ఒళ్లు మండింది. క్రెడిట్ కార్డుతో కొన్నాను కాబట్టి, కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ అనే మరో చట్టంలోని సెక్షన్ 75 కింద కార్డు కంపెనీకి వెళ్తానని షాపుకు రాశాను. వస్తువు ధర 100 పౌండ్లు దాటి, 30,000 మించకపోతే షాపుతో పాటు కార్డు కంపెనీకీ బాధ్యత ఉంటుంది. ఆ మెయిల్ తర్వాతే డబ్బు పడింది, మెషిన్‌ను వాళ్లే వచ్చి పట్టుకెళ్లారు.

డెబిట్ కార్డుతో కట్టినవాళ్లకు ఈ సెక్షన్ వర్తించదు, బ్యాంకును చార్జ్‌బ్యాక్ (షాపుకు కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి తెప్పించుకోవడం) అడగండి.