డెన్మార్కులో కుళ్ళిందా, మురిగిందా?

షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకంలోని ‘సమ్‌థింగ్ ఈజ్ రాటెన్ ఇన్ ద స్టేట్ ఆఫ్ డెన్మార్క్’కి తెలుగేమిటని మొన్న ఇక్కడ ఒకరు అడిగారు. ఎక్కువమంది ‘డెన్మార్కు రాజ్యం కుళ్ళిపోయింది’ అన్నారు. నాకది మింగుడుపడలేదు. అసలు వాక్యంలోని ‘ఏదో’ ఎటు పోయింది?

పైగా ఆ మాట హామ్లెట్‌దని చాలామంది అనుకుంటారు. కాదు, మార్సెలస్ అనే కాపలా సైనికుడిది. మొదటి అంకం, నాలుగో రంగం. ఎల్సినోర్ కోట మీద అర్ధరాత్రి, కొరికే చలి. లోపల కొత్త రాజు క్లాడియస్ తాగుతున్నాడు. ఆయన మధుపాత్ర ఎత్తితే బాకాలు ఊదాలి, ఫిరంగులు పేలాలి. ఇక్కడేమో చచ్చిపోయిన పాత రాజు దయ్యమై వచ్చి కొడుకు హామ్లెట్‌ను సైగ చేసి పిలుస్తాడు. ఎంత ఆపినా వినకుండా అతను వెంట వెళ్ళిపోతాడు. అప్పుడంటాడు మార్సెలస్ ఈ మాట. నిద్రపోతున్న పాత రాజు చెవిలో తమ్ముడు క్లాడియసే విషం పోశాడని అతనికి తెలియదు. హామ్లెట్‌కే తర్వాతి రంగంలో గానీ తెలియదు.

అంటే మార్సెలస్‌కి అందింది వాసన ఒక్కటే. అందుకే నా ఓటు ‘ఏదో మురిగింది’కి. గుడ్డు మురిగితే పెంకు చూసి చెప్పలేం, ముక్కే చెప్పాలి. ‘కుళ్ళింది’ అంటే మెత్తబడ్డ టమాటాను కళ్ళారా చూసినట్టుంటుంది. ‘పుచ్చింది’ పురుగు పని. వేమన మేడిపండు కూడా ఇక్కడ కుదరదు, పొట్ట ఇంకా ఎవరూ విప్పలేదు కదా. ముక్కిన బియ్యం, పాచిన అన్నం జోలికి పోవడం లేదు.

ఒక జవాబు: మురిగింది అంటే మాకు మురుక్కాలవే గుర్తొస్తుందండీ. ‘కుళ్ళు’లో అసూయ కూడా ఉంది. అన్న కిరీటాన్నీ, అన్న భార్యనీ చూసి కుళ్ళుకున్నవాడే కదా క్లాడియస్. ఇంగ్లీషులో లేని అర్థం మనకు ఉచితంగా వస్తుంటే వదులుకుంటామా?

నేను: ఇది నాకు తోచలేదు, బాగుంది. కానీ ఆ అసూయ సంగతి సైనికుడికేం తెలుసు? ఆ మాట క్లాడియస్‌కే దాచిపెడదాం. మూడో అంకంలో ప్రార్థన చేయబోయి, తన నేరం కంపు ఆకాశాన్ని అంటుతోందని తానే ఒప్పుకుంటాడు. హత్య చేసి సంపాదించిన కిరీటం, రాణి ఇంకా తన దగ్గరే ఉండగా క్షమాపణ ఎలా దొరుకుతుందంటాడు. అక్కడ ‘నా కుళ్ళు’ అంటే రెండర్థాలూ పలుకుతాయి.

మరో జవాబు: మరి ఐదో అంకంలో గోతులు తవ్వేవాడి సంగతి? శవం మట్టిలో కుళ్ళడానికి 8, 9 ఏళ్ళు పడుతుందంటాడు, ‘చావకముందే కుళ్ళినవాడు కాకపోతే’ అని ముందే ఒక మెలిక పెట్టి. అక్కడా ‘రాటెన్’ మాటే. మీరు సైనికుడికొకటి, వీడికొకటి ఇస్తే ఆ ముడి తెగిపోతుంది. శవం మురిగింది అనలేరు కదా!

నేను: ఇక్కడ దొరికిపోయాను. గుడ్డు వెనక్కి తీసుకుంటున్నాను. ‘డెన్మార్కు రాజ్యంలో ఏదో కుళ్ళిన కంపు’ అంటే సరేనా? ‘ఏదో’ మాత్రం తీయనివ్వను.